ప్రభుత్వ వెబ్‌సైట్లు – చూపు తగ్గిన నేతగాడు

మన కుటుంబములలో చూపు తగ్గుట క్రొత్త సంగతి కాదు. గుంట మగ్గములో కూర్చుండి, చాలీచాలని వెలుతురులో తెగిన పోగును వెదకి ముడి వేయుటయే పనిగా ముప్పది నలుబది ఏండ్లు గడిపినవాని కండ్లు ఏ స్థితికి వచ్చునో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. అద్దములు పెట్టుకొని నేయువారు, అద్దములకు కూడ లొంగక నేత మానుకొని కండెలు చుట్టుచున్నవారు, శుక్లము తీయించుకొని మరల మగ్గములో కూర్చున్నవారు ప్రతి వీధిలోను కలరు. షోలాపురములోనైనను, సేలములోనైనను, బళ్లారిలోనైనను, బరంపురములోనైనను, యానాములోనైనను ఈ విషయములో భేదము లేదు. మరమగ్గము నడుపువాని కన్నును ఇందుకు మినహాయింపు కాదు.

క్రొత్త సంగతి ఏమనగా, ఆ తగ్గిన చూపుతోనే మనవాడు ఇప్పుడు ప్రభుత్వమును చూడవలసి వచ్చుచున్నది. గుర్తింపు కార్డు, నూలు సబ్సిడీ, ముద్రా ఋణము, పింఛను, పింఛనుదారు బ్రదికియున్నాడను సర్టిఫికెట్టు, పిల్లల స్కాలర్‌షిప్పు మొదలగునవి వెబ్‌సైట్లకును, పోర్టళ్లకును, సెల్‌ఫోను యాప్‌లకును తరలిపోయినవి. మేము ఈ మార్పునకు విరోధులము కాము. ఒక్క సంతకము కొరకు జిల్లా కేంద్రమునకు పోయి, గుమాస్తా భోజనమునకు పోయినాడని మెట్లమీద కూర్చుండి, రెండు దినముల కూలి పోగొట్టుకొన్న రోజులు ఎవరికిని తిరిగి రావలదు. కాని మెట్లమీద కూర్చున్ననాడు గుమాస్తాను నోరు తెరచి అడిగెడి వీలైనను ఉండెడిది. తెర ముందర కూర్చున్న ముసలివాడు ఎవరిని అడుగును? తెర అతనికి చదువ వీలుగా ఉన్నదా లేదా అని విచారించువారెవరు?

విచారించుటకు ఒక ప్రమాణము కలదు. అది మనవారిలో పెక్కుమందికి తెలియదు కనుక కొంచెము వివరముగా వ్రాయుచున్నాము. ప్రమాణమనగా నేమో నూలు కొనువానికి క్రొత్తగా చెప్పవలసినది లేదు. 840 గజముల నూలు ఒక చిలప. అట్టి చిలపలు పౌను బరువునకు ఎన్ని తూగునో అదియే నూలు నంబరు. నలుబది తూగిన 40 నంబరు, ఎనుబది తూగిన 80 నంబరు. ఈ లెక్క స్థిరముగా ఉన్నది కనుకనే కోయంబత్తూరు మిల్లులో కట్టిన 80 నంబరు బేలును షోలాపురములోని వర్తకుడు విప్పి చూచి, తక్కువైన తక్కువయినదని చెప్పగలుగుచున్నాడు. లెక్క లేకున్న ‘సన్ననూలు’ అని ఎవని నోటికి వచ్చినట్లు వాడు చెప్పెడివాడే.

వెబ్‌సైట్లకు అట్టి నంబరు వేసిన సంస్థ వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం అనునది. అది 1999లో మొదటి నిబంధనావళిని ప్రకటించినది. 2008 డిసెంబరులో రెండవది వచ్చినది. దానినే 2012లో అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ తన ప్రమాణముగా స్వీకరించినది. దానికి 2018లో కొన్నియు, 2023 అక్టోబరులో మరికొన్నియు చేర్చినారు. నిబంధనలకు మూడు అంతస్తులు – ఒక ‘ఎ’, రెండు ‘ఎ’లు, మూడు ‘ఎ’లు. లోకములో చట్టములు చేసిన ప్రభుత్వములు సాధారణముగా నడిమి అంతస్తును అడుగుచున్నవి.

ఆ నిబంధనలలో మనకు పనికివచ్చు కొన్నిటిని చెప్పుదుము. అక్షరము యొక్క రంగునకును, వెనుకనున్న నేల రంగునకును వెలుగులో నాలుగున్నర రెట్ల తేడా ఉండవలెను. పెద్ద అక్షరములకు మూడు రెట్లు చాలును. తెలుపు మీద లేత బూడిదరంగు అక్షరము వేసిన వెబ్‌సైటు ఇక్కడనే తప్పిపోవును. అక్షరమును రెండింతలకు పెంచుకొన్నను పేజీ చెదరరాదు. మౌసు లేకుండ కీబోర్డుతోనే పని అంతయు జరుగవలెను. చేయి వణకువానికి ఇది ప్రాణాధారము. బొమ్మ ఉన్నచోట ఆ బొమ్మలో ఏమున్నదో మాటలలో కూడ వ్రాసి ఉంచవలెను. ‘ఎఱ్ఱగా ఉన్న గడులు నింపుడు’ అని రంగుతో మాత్రమే చెప్పరాదు. ఎఱుపు ఆకుపచ్చల తేడా తెలియని మగవారు మనలోనే కలరు. అంచు రంగులు కలుపు పనిలో పెట్టినప్పుడు గదా అది బయటపడునది! గడువు పెట్టి పేజీని మూసివేయుచున్నచో, ఆ గడువును తీసివేయుటకో పొడిగించుకొనుటకో వీలు ఇవ్వవలెను. వంకర టింకర అక్షరములు చూపి ‘ఇందులో ఏమున్నదో వ్రాయుము’ అని అడుగు కాప్చాకు చెవితో వినునట్టి మరియొక దారి ఉండవలెను. 2023లో చేర్చినవానిలో ఒకటి మాకు మిక్కిలి నచ్చినది. ఒకే దరఖాస్తులో ఒకమారు వ్రాసిన వివరమును మరల మరల వ్రాయుమని అడుగరాదట. తండ్రి పేరు మూడు చోట్ల వ్రాయించు ఫారములను నింపి నింపి విసిగిన సెక్రటరీలు ఈ నిబంధనకు నమస్కరింపవలెను.

బొత్తిగా చూపు లేనివారు కంప్యూటరును ఎట్లు వాడుదురని కొందరు అడుగుచుందురు. తెరమీది దానిని చదివి వినిపించు సాఫ్టువేరు కలదు. దానిని స్క్రీన్ రీడర్ అందురు. ఎన్.వి.డి.ఏ. అనునది ఉచితముగా లభించును. దానిని 2006లో ఆరంభించినవారు చూపులేని ఇద్దరు ఆస్ట్రేలియా యువకులు. ఆండ్రాయిడ్ ఫోనులో టాక్‌బ్యాక్ అను పేరుతో అట్టిదే ఇమిడియున్నది. తెలుగు గొంతు కూడ పెట్టుకొనవచ్చును. అయితే అది పేజీ వెనుక వ్రాసియున్న దానినే చదువగలదు. అర్జీ పంపు బటనుకు పేరు పెట్టకపోయినచో ‘బటన్’ అని మాత్రము పలుకును. అట్టివి ఐదున్న ఐదు మారులు ‘బటన్, బటన్’ అని పలుకును. ఏది పంపునదో, ఏది చెరిపివేయునదో వినువానికి తెలియదు. పేరు పెట్టుట కష్టమైన పని కాదు. కోడు వ్రాయువానికి రెండు నిమిషముల పని. ఆ రెండు నిమిషములు ఎవరును పెట్టనందువలన ఒక మనిషి దినమంతయు పోవుచున్నది.

మన దేశములో చట్టము లేదని ఎవరును చెప్పలేరు. 2009లోనే కేంద్ర ప్రభుత్వము తన వెబ్‌సైట్లు ఎట్లుండవలెనో మార్గదర్శకములు ప్రకటించినది. 2023లో వాని మూడవ కూర్పు వచ్చినది. 2016లో పార్లమెంటు వికలాంగుల హక్కుల చట్టమును చేసినది; అది 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చినది. ఎలక్ట్రానిక్ మాధ్యమములోని విషయమంతయు వికలాంగులకు అందునట్లు చేయుట ప్రభుత్వముల విధియని ఆ చట్టములోని 42వ సెక్షను చెప్పుచున్నది. చట్టమును మీరినవారికి మొదటిసారి పదివేల రూపాయల వరకు, తరువాత ఏబదివేల నుండి ఐదు లక్షల వరకు జరిమానా అని 89వ సెక్షను. 2021, 2022 సంవత్సరములలో భారతీయ ప్రమాణముల సంస్థ 17802 అను నంబరుతో దేశీయ ప్రమాణమును రెండు భాగములుగా వెలువరించినది; 2023లో దానిని ఆ చట్టము క్రింది నియమములలో చేర్చినారు.

ఇన్ని ఉండగా లోపమెక్కడ? 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు రాజీవ్ రాతూరి కేసులో ఇచ్చిన తీర్పు ఆ లోపమును వ్రేలుపెట్టి చూపినది. చట్టము ‘చేయవలెను’ అని శాసించుచుండగా, దాని క్రింద వ్రాసిన 15వ నియమములోని మొదటి ఉపనియమము మార్గదర్శకములను సలహాల వలె మార్చివేసినదనియు, కనుక అది చట్టవిరుద్ధమనియు కోర్టు కొట్టివేసినది. తప్పక పాటింపవలసిన నియమములేవో విడదీసి మూడు నెలలలో వ్రాయుడని కేంద్రమును ఆదేశించినది. తరువాత 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో, డిజిటల్ సేవలను అందుకొనుట రాజ్యాంగము 21వ అధికరణములోని జీవించు హక్కులో భాగమే అని చెప్పి, ఇరువది ఆదేశములు ఇచ్చినది. ఆ కేసు యాసిడ్ దాడికి గురియైనవారును, చూపులేనివారును తెచ్చినది. బ్యాంకు ఖాతా కొరకు కెమెరా ముందర కన్ను ఆర్పి చూపుమన్న, కన్నే పోయినవారు ఏమి ఆర్పుదురు? ఈ కేసును మనవారు దూరపు సంగతిగా భావింపరాదు. రంగుల తొట్టిలో ఏండ్ల తరబడి చేతులు ముంచినవానికిని, పోగులతో వ్రేళ్లు అరిగినవానికిని వ్రేలిముద్ర యంత్రము ‘సరిపోలలేదు’ అని చెప్పుట మనము నిత్యము చూచుచున్నదే. యంత్రము ఒకే దారి పెట్టి, ఆ దారిలో పోలేనివానిని త్రోసివేయుట రెండుచోట్లను ఒక్కటే.

చట్టము కాగితము మీద ఉండుటకును, మగ్గము దగ్గరకు వచ్చుటకును ఎంత దూరమో మనకంటె బాగుగ తెలిసినవారు లేరు. 1985లో చేనేతకు కొన్ని రకములను ప్రత్యేకించుచు పార్లమెంటు చట్టము చేసినది. మొదట 22 రకములు, తరువాత వానిని 11కు తగ్గించినారు. ఆ పదునొకండును మరమగ్గముల మీద దిగుచునేయున్నవి. వెబ్‌సైట్ల చట్టమునకును అదే గతి పట్టుచున్నదని మా భయము.

అమలు ఎట్లున్నదో లెక్కలు కొన్ని కలవు. బెంగుళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అను సంస్థ 2012లో 7,800 ప్రభుత్వ వెబ్‌సైట్లను పరీక్షింపగా, అందులో దాదాపు రెండువేలు అసలు తెరచుకొననేలేదు. తెరచుకొన్నవానిలో పెక్కింటిలో వికలాంగులకు అడ్డంకులు కనబడినవి. ఇది పాత లెక్క. తరువాత కొంత బాగుపడినదని ఒప్పుకొందుము. అయినను ఇతర దేశములవారు మనకంటె చాల ముందున్నారని అనుకొననక్కరలేదు. అమెరికాలోని వెబ్‌ఎయిమ్ సంస్థ ప్రతి సంవత్సరము లోకములో ఎక్కువమంది చూచు పదిలక్షల వెబ్‌సైట్ల మొదటి పేజీలను యంత్రముతో పరీక్షించును. 2025లో నూటికి 94.8 పేజీలలో తప్పులు దొరికినవి. అన్నిటికంటె ఎక్కువగా కనిపించిన తప్పు ఏదనుకొన్నారు? లేత అక్షరములు. నూటికి 79 పేజీలలో అదే. యంత్రము పట్టుకొనగలిగినవి మాత్రమే ఈ లెక్కలోనికి వచ్చినవి. మనిషి కూర్చుండి చూచిన ఇంకను ఎక్కువగానే దొరకును. ఐరోపాలో మాత్రము ఒక మంచి కట్టుబాటు ఉన్నది. 2016లో చేసిన శాసనము ప్రకారము ప్రతి ప్రభుత్వ వెబ్‌సైటును తనలో ఏ భాగము వికలాంగులకు అందదో తానే ప్రకటన వ్రాసి పెట్టవలెను. ఫిర్యాదు ఎవరికి వ్రాయవలెనో కూడ అందులోనే చెప్పవలెను. తన బట్టలోని లోపమును తానే చీటీ కట్టి చూపినట్లు! మన పోర్టళ్లు ఈ ఒక్క పద్ధతిని నేర్చుకొన్నను చాలునని మా అభిప్రాయము.

ఇక తెలుగువారికి ప్రత్యేకముగా తగిలిన దెబ్బ ఒకటి కలదు. దానిని గూర్చి ఈ ప్రమాణములు వ్రాసిన దొరలకు తెలియకపోవచ్చును గాని మనకు తెలియవలెను. తెలుగు లిపి 1991లోనే యూనికోడ్ అను అంతర్జాతీయ అక్షరపట్టికలో చేరినది. అనగా ‘క’ అను అక్షరమునకు ఏ దేశములోని ఏ యంత్రములోనైనను ఒకే సంఖ్య. అయినను అచ్చాఫీసులును, కొన్ని కార్యాలయములును అను ఫాంట్లు మొదలగు పాత పద్ధతి ఫాంట్లతో టైపు చేయుట మానలేదు. అందులో తెలుగు అక్షరము కంటికి మాత్రమే తెలుగు. లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరముల కలగాపులగము. పట్టు అని చెప్పి రేయాను అమ్మినట్లే ఇది. చూపున్నవాడు చదువుకొనును. చెవితో వినువాడు టాక్‌బ్యాక్ పెట్టినచో అర్థములేని గొణుగుడు వినబడును. గూగుల్‌లో వెదకినను ఆ కాగితము దొరకదు. సెల్‌ఫోనులో అక్షరము పెద్దది చేయబోయిన వరుసలు విరుగును.

అంతకంటె అన్యాయమైనది స్కాను చేసిన పి.డి.ఎఫ్. సర్క్యులరు టైపు చేసి, అచ్చు తీసి, ఆఫీసరు సంతకము పెట్టి, ముద్ర వేసి, దానిని మరల ఫోటో వలె తీసి వెబ్‌సైటులో పెట్టుదురు. అది కాగితపు బొమ్మ. దానిలో ఒక్క అక్షరమును లేదు. స్క్రీన్ రీడర్ దానిని తెరచి, ఖాళీ పేజీ అని చెప్పి ఊరకుండును. సబ్సిడీ గడువు పొడిగించిరా, ఆధారము ఏమి జతపరచవలెను అను సంగతి అంతయు ఆ బొమ్మలోనే ఉండును. టైపు చేసిన అసలు ప్రతి ఆఫీసు కంప్యూటరులోనే ఉన్నది గదా. సంతకమైన బొమ్మతోపాటు దానినికూడ పెట్టుటకు అయ్యెడు ఖర్చు ఏమి? తెలుగు పేజీకి ఇది తెలుగు అని వెనుక వ్రాయవలెనని కూడ ప్రమాణములో మొదటి అంతస్తులోనే నిబంధన కలదు. ఆ గుర్తు లేకున్న యంత్రము ఇంగ్లీషు గొంతుతో తెలుగు చదువబోవును. ఎవరికైనను వినవలెనని కోరిక ఉన్నచో ఒకసారి వినుడు. నవ్వును వచ్చును, ఏడుపును వచ్చును.

మా సంఘములో డెబ్బది దాటిన సభ్యుడు ఒకరు కలరు. ఒక పోర్టలులో తన వివరములు సరిచూచుకొమ్మని ఫోనుకు సమాచారము రాగా, మనుమని ఫోను తీసికొని కార్యాలయమునకు వచ్చినారు. పేజీ తెరిచితిమి. తెలుపు మీద బూడిదరంగు. పెద్దది చేసితిమి, ఒక గడి మీద ఇంకొక గడి ఎక్కి కూర్చున్నది. ఆయన అద్దములు తుడుచుకొని, ఫోనును ముక్కు దగ్గర పెట్టుకొని, ఒక్కొక్క అక్షరము కూడబలుకుచుండగానే గడువు ముగిసినదని పేజీ మూసికొన్నది. మరల ఓటీపీ. మరల కాప్చా. మూడవసారి మేమే చదివి వినిపించితిమి. అప్పుడాయన అన్నమాట: “సెక్రటరీగారూ, నూరు నంబరు పోగు తెగితే చీకట్లోనైనా చేత్తో కనిపెడతాను. ఈ గాజుపలక మీద చెయ్యి పెడితే ఏమీ తగలదేమండీ? నా పేరున ఏం రాశారో మీరు చదివితేనే గదా నాకు తెలిసేది. మీరు మంచివారు గనుక సరే. రేపు మీ స్థానంలో ఇంకొకరు వస్తేనో?”

ఈ మాటను మేము చులకనగా తీసికొనలేకపోయితిమి. సహకార సంఘములు ఎందుకు పుట్టినవో మన పెద్దలు ఎరుగుదురు. షావుకారు నూలు ఇచ్చి, బట్ట తీసికొని, పద్దు తానే వ్రాసికొనెడివాడు. నేతగాడు ఎన్ని చీరలు దించినను బాకీ తీరెడిది కాదు. ఎందుకు తీరలేదో చూచుకొనుటకు ఆ పుస్తకము అతనికి చదువరాదు, చదువ వచ్చినను చూపువారు లేరు. సంఘము వచ్చి సభ్యుని చేతిలో పాసుపుస్తకము పెట్టినది. నీ ఖాతా నీవు చదువుకొనుము, తప్పైన అడుగుము అన్నది. సంఘము చేసిన మేలులలో ఇది చిన్నది కాదు. ఇప్పుడు ఆ పద్దు షావుకారు పెట్టెలోనుండి వచ్చి తెర మీదికి ఎక్కినది. చదువలేని స్థితి మాత్రము నాటిదే. ఓటీపీని ఇంకొకనికి చెప్పనిదే పని జరుగదు. ఓటీపీ చెప్పిన తరువాత ఆ ఇంకొకడు ఏమి చేయునో చూచుటకు కన్ను లేదు. వీధి చివర ఇంటర్నెట్ దుకాణమువాడు ఒక్కొక్క అర్జీకి ఇంత అని తీసికొనుట పోనిండు. ఎవరి ఖాతా నంబరు ఎక్కించినాడో ఎవరు చూచినారు?

కొందరు సెక్రటరీలు మాతో వాదించినారు. ‘సభ్యుల పనులన్నియు మనమే చేసి పెట్టుచున్నాముగదా, ముసలివాండ్రు పోర్టళ్లు చదువవలసిన అవసరమేమి?’ అని. ఆ వాదములో సేవాభావము ఉన్నదని ఒప్పుకొందుము. కాని మనము చేసి పెట్టుట వేరు, మనము లేనిదే అతనికి గతిలేకపోవుట వేరు. రెండవది సేవ కాదు, అధికారము. అడుగకుండగనే మన చేతికి వచ్చిన అధికారము కనుక దానిని మనమే అనుమానముతో చూడవలెను. ఎన్నికల సమయములో ఎవరి అర్జీ ముందు వెళ్లినది, ఎవరిది ఆగినది అను మాటలు ఏ సంఘములో పుట్టలేదు?

మరియొక వాదము, వికలాంగులు కొద్దిమందియే గదా అనునది. 2011 జనాభా లెక్కలలో దేశములో 2 కోట్ల 68 లక్షలమంది వికలాంగులు. అందులో చూపునకు సంబంధించినవారు ఏబది లక్షలు. సర్టిఫికెట్టు లేకుండ వయసుతోడనే చూపు, వినికిడి, చేతి పట్టు తగ్గినవారు ఈ లెక్కలో లేరు. 2019–20 చేనేత గణనలో దేశమంతట 35 లక్షలకు పైగా చేనేతవారు తేలినారు. నూటికి డెబ్బదిమందికి మించి స్త్రీలే. ఇంటిలో ఉన్నది ఒక్క చిన్న ఫోను, అది భర్త చేతిలోనో కొడుకు చేతిలోనో ఉండగా, పగిలిన తెర మీద చదువుకొను స్త్రీకి స్పష్టమైన అక్షరము, పెద్ద బటను, పొడిగించుకొనదగిన గడువు అక్కరలేదా? గుడ్డివాని కొరకు సరిచేసిన పేజీ ఎండలో నిలబడి చూచువానికిని బాగుగనే కనబడును.

ఒక మోసమును గూర్చి హెచ్చరింపవలసియున్నది. వెబ్‌సైటు పైభాగమున చక్రాల కుర్చీ బొమ్మయో, మనిషి బొమ్మయో పెట్టి, దానిని నొక్కిన అక్షరము పెద్దదగును, రంగు మారును అని చూపువారు బయలుదేరినారు. దానిని అతికించినంతమాత్రమున ప్రమాణము కుదిరినట్లు కాదు. పేరు లేని బటనుకు పేరు రాదు, స్కాను బొమ్మలోనికి అక్షరములు రావు. అమెరికాలో ఇట్టి అతుకుల సాఫ్టువేరు అమ్ము ఒక కంపెనీ, తన సరుకుతో ఏ వెబ్‌సైటైనను ప్రమాణమునకు సరిపోవునని ప్రకటించుకొన్నందుకు, 2025 జనవరిలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషను పదిలక్షల డాలర్లు కట్టించినది. చేనేత మార్కు చీటీ కుట్టినంతనే మరమగ్గపు బట్ట చేనేత అగునా?

భాష మాట కూడ చెప్పవలెను. మహారాష్ట్రలో మరాఠీ, తమిళనాడులో తమిళము, ఒడిశాలో ఒడియా, కర్ణాటకములో కన్నడము – ఆ యా రాష్ట్రముల పోర్టళ్లు ఆ భాషలలోనో ఇంగ్లీషులోనో ఉండును. తరతరములుగా అక్కడనే ఉన్న మనవారికి ఆ భాషలు నోటికి వచ్చును. పెద్దవారిలో చాలమందికి ఆ లిపులు రావు. ఈ ప్రమాణములు భాష మార్చుమని అడుగవు. అయినను ప్రమాణము ప్రకారము కట్టిన పేజీ మనకు ఒక ఉపకారము చేయును. అది నిజమైన అక్షరములతో ఉండును కనుక, మరాఠీ చదువరాని మన షోలాపురపు ముసలమ్మ దానిని ఫోను చేత మరాఠీలోనే చదివించుకొని విని అర్థము చేసికొనును. యంత్రముచేత తెలుగులోనికి త్రిప్పించుకొనుటకును వీలగును. బొమ్మగా పెట్టినదానిని చదివించుటకు ఆమెవంటివారికి సులభమైన దారి లేదు. ఇదిగాక, ఏదైనను అన్యాయము సరిదిద్దుమని కోరు అర్జీని యూనియన్‌లోగాని, రాష్ట్రములోగాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను ఇచ్చుకొను హక్కు రాజ్యాంగము 350వ అధికరణము ప్రతివానికి ఇచ్చినది. దీనిని మనము ఉపయోగించుకొనుట లేదు.

కనుక సంఘములవారికి మా సూచన ఇది. మీ సభ్యులు ఎక్కువగా వాడు రెండు మూడు ప్రభుత్వ పోర్టళ్లను ఎన్నుకొనుడు. కంప్యూటరులో మౌసును ప్రక్కన పెట్టి, ట్యాబ్ కీతో మాత్రమే ఫారము చివరవరకు పోవ వీలగునేమో చూడుడు. అక్షరమును రెండింతలు చేసి చూడుడు. ఫోను సెట్టింగ్సులో యాక్సెసిబిలిటీ అనుచోట టాక్‌బ్యాక్ పెట్టి, కండ్లు మూసికొని ఒక అర్జీ నింప ప్రయత్నింపుడు. దానిని పెట్టిన తరువాత ఒకసారి తాకిన చదువును, రెండుసార్లు తాకిన తెరచును. ఇది తెలియక ఫోను పాడైనదని కంగారు పడవలదు. ఎక్కడ ఆగిపోయితిరో, ఏ తేదీన, ఏ గంటకు, ఏ పేజీలో అను వివరములు వ్రాసికొనుడు. తెర ఫోటో తీయుడు.

ఈలోగా మన నోటీసుల సంగతియు చూచుకొనవలెను. సర్వసభ్య సమావేశపు నోటీసును కాగితము మీద వ్రాసి, ఫోటో తీసి, వాట్సాప్‌లో పెట్టు ఆచారము చాల సంఘములలో ఉన్నది. దానినే యూనికోడ్ తెలుగులో టైపు చేసి పంపిన చూపు లేనివారు వినగలరు. ప్రభుత్వమును అడుగబోవువారి చేతులు ముందు శుభ్రముగా ఉండవలెను గదా.

ఫిర్యాదు మొదట ఆ శాఖకు ఇచ్చుడు. నెల దినములలో జవాబు రానిచో, 2016 చట్టము క్రింద ప్రతి రాష్ట్రమునకును వికలాంగుల కమిషనరును, కేంద్రమునకు ముఖ్య కమిషనరును ఏర్పాటు చేసినారు. రాష్ట్ర పోర్టలైన రాష్ట్ర కమిషనరుకు, కేంద్ర పోర్టలైన ముఖ్య కమిషనరుకు వ్రాయుడు. తాముగానైనను, ఇతరులు తెలిపిననైనను విచారించు అధికారము వారికి కలదు. ఇబ్బంది పడిన సభ్యుని పేరుతోనే అర్జీ ఉండవలెను. క్రింద సంఘము సంతకము చేయవలెను. అర్జీ తెలుగులోనే వ్రాసి, 350వ అధికరణమును మొదటి వరుసలోనే పేర్కొనుడు. 42వ సెక్షనును, పరీక్షించిన తేదీలను, ఫోటోలను జతపరచి స్పీడు పోస్టులో పంపి, నకలును, పోస్టు రసీదును సంఘ కార్యాలయములో ఫైలు చేయించుడు.